లింఫోమా భయంతో వైరస్ పరీక్షలు చేయించుకునే ముందు

రక్తపరీక్ష కాగితంలో ‘ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఐజీజీ పాజిటివ్’ అని వచ్చిందని, ఫోనులో వెతికితే దాని పక్కనే లింఫోమా (లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో మొదలయ్యే క్యాన్సర్) అనే మాట కనిపించిందని, ఇప్పుడు తిరుపతిలో చూపించుకోవాలా లేక వేలూరు సీఎంసీ ఆసుపత్రికే పోవాలా అని అడిగేవారికి మొదట చెప్పవలసింది, ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టమని. పెద్దవారిలో నూటికి తొంభై మందికి పైగా ఆ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకినవారే. ఎంగిలి ద్వారా అది చిన్నతనంలోనే వచ్చి, బి-లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో చేరి, ప్రాణం ఉన్నంత కాలం అక్కడే మౌనంగా ఉంటుంది. ఐజీజీ అంటే వైరస్ సోకినప్పుడు ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ, అనగా రక్షక ప్రోటీన్; అది పాజిటివ్ అంటే ఆ పాత పరిచయానికి గుర్తు మాత్రమే.

1964లో ఈ వైరస్‌ను కనుగొన్నది ఆఫ్రికా పిల్లల దవడల్లో పెరిగే బర్కిట్ లింఫోమా కణాల్లోనే కాబట్టి దానికి ఆ చెడ్డపేరు అకారణంగా రాలేదు. హాడ్జ్‌కిన్ లింఫోమాలో కొన్ని రకాలకు, ముక్కులో మొదలయ్యే ఒక అరుదైన లింఫోమాకు కూడా దానితో సంబంధం ఉన్నది. అయితే వైరస్ ఒక్కటే ఉంటే చాలదు. ఆఫ్రికాలో మలేరియా తోడైనట్టు, మరొకచోట రోగనిరోధకశక్తి క్షీణించినట్టు, ఇంకేదో కలిసిరావాలి. పైగా దీనికి టీకా లేదు, ఒంట్లోంచి పంపించే మందు లేదు. ఫలితం ఏదైనా చేయగలిగింది లేని పరీక్షకు ఆరోగ్యవంతుడు డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధకశక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారి సంగతి వేరు. వారికి ఈ వైరస్ రక్తంలో ఎంత ఉన్నదో చూడాలా అన్నది వైద్యులే నిర్ణయిస్తారు.

చేయించుకోవలసిన పరీక్షలు మూడున్నాయి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి, హెపటైటిస్ బి. ఈ మూడింటిలో ఫలితం తెలిస్తే చేయగలిగిన పని ఉంటుంది.

హెచ్‌ఐవీ తానుగా కణాన్ని క్యాన్సర్‌గా మార్చడం కన్నా, కాపలా కాసే కణాలను తగ్గించి, లోపల అణిగి ఉన్న ఎప్‌స్టీన్-బార్ వంటి వైరస్‌లకు దారి ఇవ్వడమే ఎక్కువ. మందులు క్రమం తప్పకుండా వాడేవారిలో లింఫోమా ముప్పు బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. ఫలితాన్ని గోప్యంగా ఉంచవలసిన బాధ్యత 2017 నాటి చట్టం ప్రకారం వారిపై ఉన్నది. వెళ్లడానికి మొహమాటపడేవారు ముందుగా ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేసి మాట్లాడవచ్చు.

హెపటైటిస్ సి గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో దీన్ని పట్టించుకునేవారు తక్కువ. ఇది రక్తం ద్వారా సోకుతుంది. జ్వరం వస్తే ‘ఒక సూది వేయండి’ అని అడిగి మరీ వేయించుకునే అలవాటు, ఆ సూది కొత్తదా కాదా అని అడగడానికి మాత్రం నోరు రాని అలవాటు, రెండూ మనకున్నాయి. సూదిని కవరులోంచి మీ ఎదుటే తీయమనండి. తిరుమలలో తలనీలాలు ఇచ్చేటప్పుడైనా, ఊళ్లో గడ్డం గీయించుకునేటప్పుడైనా, కొత్త బ్లేడు కళ్లముందే వేయించుకోండి. జాతరలో పచ్చబొట్టు పొడిపించుకునేవారికీ ఇదే మాట వర్తిస్తుంది. ఈ వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో ఉండి బి-కణాలను నిరంతరం రెచ్చగొడుతూ ఉంటుంది. ఆ ఒత్తిడిలో పదే పదే విభజన చెందే కణాల్లో ఎక్కడో ఒక పొరపాటు జరిగి లింఫోమాకు బీజం పడవచ్చు.

పరీక్ష రెండు మెట్లలో జరుగుతుందని గుర్తుంచుకోవాలి. యాంటీబాడీ పాజిటివ్ అయితే వైరస్ ఒకప్పుడు సోకిందని అర్థం. ఇప్పుడూ ఉన్నదా లేదా అన్నది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెబుతుంది, ఎందుకంటే కొందరిలో అది దానంతట అదే పోతుంది. ఉన్నట్టు తేలితే సాధారణంగా 12 వారాలు, కొందరికి 24 వారాలు మాత్రలు వాడితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితంగా ఇస్తారు. ప్లీహంలో నెమ్మదిగా పెరిగే ఒక రకం లింఫోమా, కీమోథెరపీ లేకుండా ఈ వైరస్‌కు మందు వాడినంత మాత్రాన తగ్గిన సందర్భాలున్నాయి. కామెర్లకు పసరు తాగితే పోయిందని చెప్పుకునేవారికి ఒక్క మాట: కళ్ల పచ్చదనం పోయినంత మాత్రాన వైరస్ పోయినట్టు కాదు, ఇక హెపటైటిస్ సి చాలామందిలో అసలు కళ్లు పచ్చబడకుండానే ఉండిపోతుంది.

హెపటైటిస్ బికి టీకా ఉన్నది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావలెంట్ అనే అయిదు జబ్బుల టీకాలో కలిపి మిగతావి వేస్తారు. లింఫోమా ఉన్నదని తేలినవారికి ఈ వైరస్ మరొక కారణంగా ముఖ్యం. లింఫోమా చికిత్సలో వాడే రిటుక్సిమాబ్ అనే మందు ఇస్తే కాలేయంలో అణిగి ఉన్న హెపటైటిస్ బి తిరగబడి ప్రాణం మీదికి తేవచ్చు. కనుక చికిత్స మొదలుకాక ముందే హెచ్‌బీఎస్ యాంటిజెన్, హెచ్‌బీ కోర్ యాంటీబాడీ రెండూ చూశారా అని రోగి తరఫువారు అడిగి తెలుసుకోవాలి. మొదటిది వైరస్ ఇప్పుడు ఉన్నదని, రెండోది ఎప్పుడో సోకిందని చెబుతుంది; కనుక మొదటిది నెగెటివ్ వచ్చిందని రెండోదాన్ని వదిలేయకూడదు.

హెచ్‌టీఎల్‌వీ-1, హెచ్‌హెచ్‌వీ-8 అనే మరో రెండు వైరస్‌లు కూడా అరుదైన లింఫోమాలకు కారణమవుతాయి; వైద్యులు కోరితే తప్ప వాటి జోలికి పోనక్కరలేదు. జీర్ణాశయ లింఫోమాతో ముడిపడిన హెలికోబ్యాక్టర్ పైలోరీ వైరస్ కాదు, బ్యాక్టీరియా.

ఇక బిళ్ల, అంటే ఉబ్బిన లింఫు గ్రంథి సంగతి; లింఫోమా తరచుగా ఇలాగే బయటపడుతుంది. మెడ, చంకలు, గజ్జలు వేళ్లతో తడిమి చూసుకోండి. పుండో, గొంతునొప్పో ఉన్నప్పుడు కట్టే బిళ్ల నొప్పిగా ఉండి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. నొప్పి లేకుండా, రబ్బరులా గట్టిగా, రెండు సెంటీమీటర్లకు మించి, నాలుగు వారాలైనా తగ్గకపోతే, లేదా మెడ కింది అడ్డ ఎముకకు (కాలర్ బోన్) పైన ఏ పరిమాణంలో తగిలినా ఆలస్యం చేయకూడదు. తోడుగా 100.4 డిగ్రీలు దాటే జ్వరం, పక్క తడిసిపోయేంత రాత్రి చెమట, ఆరు నెలల్లో బరువులో పదో వంతుకు మించి తగ్గడం ఉంటే మరీ తొందరపడాలి. గవదబిళ్లలని పసుపు పట్టు వేసి కూర్చోవడం తగదు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు ఉన్నట్టు దీనికి కట్టు లేదు.

మన దేశంలో మెడ బిళ్లలకు టీబీ చాలా సాధారణమైన కారణం కాబట్టి వైద్యులు ముందు దాన్నే అనుమానించడంలో తప్పు లేదు. తప్పల్లా నమూనా తీయకుండా ఆరు నెలల టీబీ మందు మొదలుపెట్టడంలో ఉంది. సన్నని సూదితో తీసే ఎఫ్‌ఎన్‌ఏసీ లింఫోమా రకాన్ని నిర్ధారించడానికి తరచుగా సరిపోదు. వీలైతే బిళ్లను మొత్తంగా తీసే బయాప్సీ మేలు. అందులో ఒక ముక్క ఫార్మలిన్ అనే, కణజాలం చెడకుండా ఉంచే ద్రవంలో, మరో ముక్క టీబీ పరీక్షకు సెలైన్‌లో వెళ్లాలని శస్త్రచికిత్సకు ముందే గుర్తుచేయండి, ఎందుకంటే అంతా ఫార్మలిన్‌లో వేస్తే టీబీ క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు అది పనికిరాదు. నీరసం తగ్గుతుందని ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే బయాప్సీ అయ్యేదాకా వేసుకోకండి. అవి లింఫోమా కణాలను తాత్కాలికంగా కరిగించి రోగనిర్ధారణను తారుమారు చేస్తాయి. ఇదివరకే ఉబ్బసం వంటి జబ్బుకు వాడుతున్నవారు మాత్రం వైద్యులను అడగకుండా ఆపకూడదు. ఎప్‌స్టీన్-బార్ పాత్ర ఉన్నదా అన్న ప్రశ్నకు అసలు జవాబు దొరికేది కూడా ఈ ముక్కలోనే, ఈబీఈఆర్ అనే పరీక్ష ద్వారా; రక్తంలో ఐజీజీ ద్వారా కాదు.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలోనూ, అలిపిరి దగ్గరి శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థలోనూ ఈ వైద్యం దొరుకుతుంది. ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందా అని పథకం కౌంటరులో ముందే అడగండి. చిత్తూరు, పలమనేరు వైపువారు దగ్గరని వేలూరు పోవడమూ మామూలే. ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితాలు మాత్రమే కాకుండా, మొదట బయాప్సీ చేసినచోట గాజు స్లైడ్లు, మైనపు బ్లాకు (బిళ్ల ముక్కను మైనంలో పొదిగి ఉంచినది) రాతపూర్వకంగా అడిగి తీసుకుని వెంట పట్టుకెళ్లండి. అవి లేకపోతే రెండోచోట మళ్లీ కోయవలసి రావచ్చు. మైనపు బ్లాకును ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. మన వేసవికి అది కరుగుతుంది.