బొండం కొట్టే ముందు రిపోర్టు చూడండి

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఎండన పడి వచ్చిన మనిషికి మంచినీళ్లకన్నా ముందు కొబ్బరిబొండం కొట్టి ఇస్తారు. అది మా ప్రేమ. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల కిడ్నీ జబ్బు గడప తొక్కిన ఇళ్లు ఎన్నో. ఎండాకాలం వస్తోందంటే ఆ ఇళ్లలో మొదట జాగ్రత్త పడవలసింది ఆ బొండం దగ్గరే.

ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో పొటాషియం ఒక అరటిపండులో ఉన్నంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. బాగా దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. రక్తపరీక్ష రిపోర్టులో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒక్కటే చూసి మడిచి పెట్టేయకండి. దానితో పాటు ఉండే పొటాషియం అంకె 3.5 నుంచి 5 మధ్య ఉందో లేదో చూడండి. అది ఎక్కువగా ఉంటే మామిడి, పనస, అరటి, జీడిపప్పు కూడా ఆపాలి. పండు తినాలనిపిస్తే ఒక చిన్న ఆపిల్ గానీ, సీతంపేట వైపు నుంచి వచ్చే అనాసపండు రెండు ముక్కలు గానీ నయం. అంకె మామూలుగా ఉన్నవారికి ఇంత కట్టడి అక్కర్లేదు. పక్కింటాయన మానేశాడని మీరూ మానేయడం సరికాదు.

కూరల్లో ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ ఈ రోజుల్లో మంచివి. దుంపలు వండక తప్పకపోతే మా పిన్ని చేసినట్టు చేయండి. చిన్నాన్నకు డయాలసిస్ మొదలైన దగ్గర నుంచి ఆమె దుంప చెక్కు తీసి, పలచగా తరిగి, కడిగి, పెద్ద గిన్నె నిండా నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పూర్తిగా వార్చి పోపు వేస్తుంది. మొదట్లో ఆ నీళ్లు పారబోయడానికి ఆమెకు మనసొప్పక చారులో పోసేది. వదిలించిన పొటాషియమంతా అలా మళ్లీ పళ్లెంలోకే వచ్చేది.

నీళ్ల విషయంలో అందరికీ ఒకే మాట చెప్పకూడదు. జబ్బు తొలిదశలో ఉండి, మూత్రం బాగా వస్తూ, ఒంట్లో వాపు లేనివారు కొబ్బరితోటల్లో, జీడితోటల్లో చెమటోడ్చి పనిచేస్తుంటే దాహానికి నీళ్లు తాగాలి. ఒళ్లు ఎండిపోతే కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. డయాలసిస్‌లో ఉన్నవారికి మాత్రం కొలత ఉంటుంది: సాధారణంగా ముందురోజు వచ్చిన మూత్రం, దానిపైన అరలీటరు. టీ, మజ్జిగ, గంజి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పిన్ని పొద్దున్నే ఆ కొలత నీళ్లు సీసాలో నింపుతుంది. చిన్నాన్న టీ తాగితే అంతే నీళ్లు సీసాలోంచి తీసి తులసికోటలో పోస్తుంది. సాయంత్రానికి ఎంత మిగిలిందో ఆయన కంటికే కనిపిస్తుంది.

ఉప్పు రోజుకు అన్నీ కలిపి ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. కొత్త ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు ఉన్న పళ్లెంలో అది ఒక్క పూటకే దాటిపోతుంది. ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పు మాత్రం కొనకండి. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే.

పత్యం పేరుతో కడుపు మాడ్చుకునేవారిని చూస్తే నాకు బాధ. డయాలసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమంటారు, నిజమే. కానీ డయాలసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు ఎక్కువ కావాలి. బరువు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు. తెల్లసొన, తాజా చేప పెట్టండి. గంజన్నంతో సరిపెడితే మనిషి నీరసించిపోతాడు.

పని చేసి ఒళ్లు నొప్పులంటే కిడ్నీకి చేటు చేసే డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ మాత్రలు దుకాణంలో అడిగి వేసుకోవద్దు. కాళ్లలో సత్తువ ఒక్కసారిగా పోయినా, గుండె తడబడినట్టున్నా, ఆయాసం వచ్చినా తెల్లారే వరకు ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లి, కిడ్నీ జబ్బు ఉందని ముందే చెప్పి, ఈసీజీ, పొటాషియం పరీక్ష చేయమని అడగండి.