జామాయిల్ నరికాక రెండో కోతకు మోడును కాపాడుకోవడం

జామాయిల్ మొదటిసారి వేసేటప్పుడు క్లోన్ మొక్కల (మేలైన చెట్టు కొమ్మల నుంచి పెంచినవి) ఎంపిక నుంచి గుంతల దాకా అందరం తెగ జాగ్రత్త పడతాం. నాలుగైదేళ్లకు కర్ర లారీ ఎక్కగానే తోటను మరిచిపోతాం. మొక్కల ఖర్చు లేకుండా వచ్చే రెండో పంట ఎలా ఉంటుందో చాలావరకు నరికిన రోజే తేలిపోతుంది.

ఈ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడి అడవుల్లో కార్చిచ్చులు మామూలే. పైన కాలిపోయినా అడుగు నుంచి మళ్లీ చిగురిస్తుంది. మోడు బెరడు కింద దాగిన మొగ్గలే మనకు పిలకలవుతాయి. (జలుబుకు వాడే నీలగిరి తైలం చెట్టు వేరే రకం, ఊటీ లాంటి చలి కొండల్లో పెరిగేది. మా సత్తుపల్లి వైపు ఎర్ర నేలల్లో వేసేది సారపాక లాంటి చోట్ల ఉన్న పేపర్ మిల్లుల కోసం.)

కాబట్టి బెరడు ఊడకూడదు. గొడ్డలితో నరికితే మోడు చీలుతుంది, చీలికలో నీళ్లు దిగి కుళ్లుతుంది. రంపంతో, నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో, నీరు జారేలా కాస్త వాలుగా కోయించండి. కోత ముఠావాళ్లు నడుం వంచలేక మోకాలి ఎత్తులో లాగించేస్తారు. మొదటి వరుసలో దగ్గరుండి చూసుకుంటే చాలు. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం కోత పెట్టుకోవద్దు, మోళ్లు ఎండిపోతాయి. రొట్టను మోళ్ల మీద నుంచి లాగేయండి. తోటలో తగలబెడితే మొగ్గలు మాడిపోతాయి.

తర్వాత మోడు చుట్టూ గుత్తులుగా పిలకలొస్తాయి. వెంటనే కొడవలి పట్టుకోకండి, గాలికి కొన్ని ఎలాగూ విరుగుతాయి. ఛాతీ ఎత్తు వచ్చాక నాలుగు ఉంచండి, ఏడాది దగ్గరపడ్డాక రెండుకు తగ్గించండి. సెంట్రింగ్ కర్రలకైతే మూడున్నా పర్వాలేదు. ఏది ఉంచాలి అన్నదే అసలు పని. మోడు పైఅంచున పుట్టిన పిలక ఎంత లావుగా ఉన్నా నేను నమ్మను. నేలకు దగ్గరగా పుట్టినదాన్నే ఉంచండి. గాలి ఎటు నుంచి వీస్తుందో ఆ వైపుది ఒకటి తప్పకుండా ఉండాలి. గాలి దాన్ని మోడుకేసి నొక్కుతుంది, అవతలి వైపుదైతే ఊడబెరుకుతుంది. వద్దనుకున్నవి మోడుకు ఆనించి కోయాలి. చేత్తో లాగితే బెరడు పట్టుకుని వస్తుంది.

ఆకు ఈనెల మీద, కాడల మీద వరసగా బుడిపెలు కనిపిస్తే అది గాల్ పురుగు. తోటంతా అలాగే ఉంటే ఆ క్లోన్ మీద ఆశ వదులుకోవడమే మేలు. చచ్చిన మోళ్ల చోట కొత్త మొక్కలు నాటినా పక్క పిలకల నీడలో ఎదగవు. ఖాళీలు మరీ ఎక్కువైతే మోళ్లన్నీ పెకిలించి మళ్లీ వేయండి.

పక్క చేనులో మిర్చి, పత్తి ఉంటే గట్టు వెంట మూడడుగుల లోతు కందకం తవ్వించాలి, లేకపోతే వేర్లు అటు పోయి మాటలు పడాల్సి వస్తుంది. తోట నరికి ఉన్నప్పుడే జేసీబీ సులువుగా తిరుగుతుంది, పాత కందకం పూడిక కూడా అప్పుడే తీయించేసుకోండి.