కారు డీజిల్ ఇంజిన్‌తో బైక్ కట్టాలంటే

పెద్ద ఇంజిన్ జోలికి పోకండి. యూరప్‌లో దొరికే స్మార్ట్ ఫోర్‌టూ సీడీఐ అనే చిన్న డీజిల్ కారు ఇంజిన్ చాలు, 799 సీసీ, మూడు సిలిండర్లు, టర్బో. జర్మనీలో ఉంటే ఫ్రేము కొయ్యకముందే టీయూవీ (బళ్లని తనిఖీ చేసే సంస్థ) ఇంజినీరుతో మాట్లాడండి.

అసలు తలనొప్పంతా గేర్ల దగ్గరే. పెట్రోల్ బైక్ ఇంజిన్‌లా ఇది పదివేల ఆర్‌పీఎం తిరగదు, నాలుగున్నర వేల దగ్గరే అయిపోతుంది కాబట్టి ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పెద్దది, వెనకది చిన్నది వెయ్యాలి, లేదంటే బండి అరుస్తుందే గానీ వేగం అందుకోదు. మామూలు బైక్ క్లచ్ ఈ ఇంజిన్ టార్క్‌కి (తిప్పే బలానికి) జారిపోతుంది, గట్టిది వెయ్యండి.

ఇంజిన్‌ని రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టండి. డీజిల్ ఇంజిన్ వణుకుకి ఫ్రేము వెల్డింగ్ అంచుల్లో వెంట్రుకంత పగుళ్లొస్తాయి, టార్చి వేసి ఒక్కోటీ చూడాల్సిందే.

ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వనిది), యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్ అన్నీ ఒకే కారువి తెచ్చుకోండి. ఆ పెడల్ సెన్సార్‌ని బైక్ హ్యాండిల్ నుంచి వచ్చే థ్రాటిల్ కేబుల్‌తో లాగించి, వెనక్కి లాగే స్ప్రింగ్ బలమైనదే పెట్టండి.