ట్యూబా మౌత్‌పీస్: తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా

బ్యాండులో అన్నిటికన్నా కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాద్యం ట్యూబా సరిగ్గా పలకనప్పుడు వాయించేవాడు ముందు తన పెదవులను అనుమానిస్తాడు, ఆ తరువాత, పెదవులు ఆనించి ఊదే మౌత్‌పీస్‌ను కొత్తది కొనాలనుకుంటాడు. చెన్నై పెరంబూరులో మా తెలుగు చర్చి బ్యాండుకు బేసు వాయిస్తూ, కుర్రవాళ్ల వాద్యాలకు చిన్నాచితకా మరమ్మతులు చేస్తూ నేను గమనించినంతలో, ఈ రెండింటికన్నా ముందు చూడవలసినది ఇంకొకటి ఉంది. అది మౌత్‌పీస్ తోకకు, అంటే షాంకుకు, అది దిగే రిసీవరు గొట్టానికి మధ్య పొత్తు కుదిరిందా లేదా అన్నది. కాబట్టి ఏ సమస్య వచ్చినా ముందు ఈ పరీక్ష చేశాకే కప్పు (మౌత్‌పీస్‌లో గిన్నె వంటి భాగం), రిమ్ము (పెదవులు ఆనే దాని అంచు) జోలికి వెళ్లాలి.

సమస్య: మౌత్‌పీస్ ఊగుతోంది, లేదా తగినంత లోపలికి దిగడం లేదు

మౌత్‌పీస్‌ను రిసీవరులో పెట్టి, కప్పును రెండు వేళ్లతో పట్టుకొని పక్కలకు మెల్లగా కదిపి చూడండి. వెంట్రుకవాసి సందు ఉన్నా చిన్న కదలిక వేళ్లకు తెలిసిపోతుంది. తరువాత రిసీవరు అంచు దగ్గర షాంకు మీద పెన్సిలు గీత పెట్టి, బయటికి తీసి, ఆ గీత నుంచి కొస దాకా స్కేలుతో కొలవండి. సుమారు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు ఉంటే సాధారణంగా సరిపోయినట్టే. ఒక సెంటీమీటరు మాత్రమే దిగితే షాంకు లావైనదని, మరీ లోతుగా దిగితే సన్నదని అర్థం.

దీనికి కారణం ట్యూబా షాంకులకు ఒకే కొలత లేకపోవడమే. అమెరికన్ షాంకు ఒక లావు, యూరోపియన్ షాంకు దానికన్నా కాస్త ఎక్కువ లావు. పాత బ్రిటిష్ వాద్యాలలో కొన్నింటి రిసీవర్లు ఈ రెండింటికన్నా సన్నగా ఉంటాయి. చాలా షాంకులు ప్రతి 20 మిల్లీమీటర్ల పొడవుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సన్నబడుతూ పోతాయి కాబట్టి, లావులో అర మిల్లీమీటరు తేడా ఉంటే దిగే లోతులో ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అసలు చిక్కు అక్కడే ఉంది. ఇక మీరట్ వర్కుషాపుల నుంచి మన బ్యాండులకు చేరే వాద్యాల విషయంలో, డబ్బా మీద రాసినదాన్ని బట్టి కాక, రిసీవరునే కొలిచి నిర్ణయించుకోవడం క్షేమం.

మా బ్యాండులోని ఒక తమ్ముడు, "అన్నా, కింది స్వరాలకు నా ఊపిరి చాలడం లేదు" అంటూ మూడు నెలలు అవస్థ పడ్డాడు. అతడి మౌత్‌పీస్ బంధువులెవరో విదేశం నుంచి తెచ్చిచ్చిన మంచి సరుకే. షాంకు చుట్టూ మార్కర్ పెన్నుతో నల్లగా పూసి, రిసీవరులో పెట్టి ఒక్కసారి తిప్పి తీశాను. కొస దగ్గర సన్నని ఉంగరంలా మాత్రమే సిరా చెరిగింది, మిగతా షాంకంతా నల్లగానే ఉంది. పొత్తు కుదిరి ఉంటే లోపలికి దిగిన భాగమంతా సిరా చెరగాలి. వాలు (సన్నబడే తీరు) కుదరక, షాంకు ఒక్క వలయం మీద నిలబడి ఊగుతోందన్నమాట. లోపం కుర్రవాడి ఊపిరిలో లేదు.

పరిష్కారం విషయానికి వస్తే, చాలా కంపెనీలు ఒకే కప్పును రెండు షాంకులతోనూ అమ్ముతాయి కనుక సరైన షాంకు ఉన్నదాన్ని తెప్పించుకోవడమే ఉత్తమం. సన్న షాంకును లావు రిసీవరులో బిగించడానికి తొడుగులు దొరుకుతాయి. లావు షాంకును లేత్ మీద తగ్గించవచ్చు. అంబత్తూరులో లేత్ పనివారికి కొదవ లేదు గాని, వాలు కోణాన్ని కొలిచి చెప్పకుండా ఇస్తే వారు తిన్నగా చెక్కేస్తారు, దానితో మౌత్‌పీస్ పాడవుతుంది. షాంకుకు కాగితం చుట్టడం ఒక ఆదివారం ఆరాధన గట్టెక్కడానికే పనికొస్తుంది. కింద పడి కొస నొక్కుకుపోయి ఉంటే, వాలుగా ఉండే ఉక్కు కడ్డీని లోపలికి పోనిచ్చి మెల్లగా తిప్పితే గుండ్రదనం తిరిగి వస్తుంది.

సమస్య: కింది స్వరాలు నిలవడం లేదు

పొత్తు బాగానే ఉంటే, తరువాత అనుమానించవలసినది గాలి లీకు. వాల్వు (వేలితో నొక్కే మీట) నొక్కకుండా దాని స్లైడును (లాగితే జారే గొట్టాన్ని) కొంచెం బయటికి లాగి, కొన్ని క్షణాలు ఆగి, అప్పుడు వాల్వు నొక్కితే "టప్" మని చప్పుడు రావాలి. రాకపోతే గాలి ఎక్కడో జారిపోతోంది. నీరు వదిలే మీట కింద ఎండి గట్టిపడిన బెండును, సూసాఫోన్ (ఒంటి చుట్టూ తగిలించుకునే ట్యూబా) అయితే మెడ దగ్గరి అతుకులను కూడా చూడండి. పది రూపాయల బెండు ముక్క చేసే పనికి వేల రూపాయల మౌత్‌పీస్ కొన్నవారు నాకు తెలుసు.

లీకు లేదని తేలితే కప్పు ఇరుకై ఉండవచ్చు. బాక్ కంపెనీ 24ఏడబ్ల్యూ మౌత్‌పీస్ కప్పు లోపలి వెడల్పు సుమారు 31 మిల్లీమీటర్లు, బాక్ 18ది సుమారు 32.5. ఈ కంపెనీ లెక్కలో అంకె పెరిగే కొద్దీ కప్పు చిన్నదవుతుంది. ఇతర కంపెనీల అంకెలను దీనితో పోల్చకూడదు, మిల్లీమీటర్లనే నమ్మాలి. సుమారు 5.5 మీటర్ల గొట్టం ఉండే డబుల్ బి ఫ్లాట్ శ్రుతి ట్యూబా మీద కింది ఎఫ్ బలహీనంగా ఉందంటే, 24ఏడబ్ల్యూ నుంచి 18కి మారి చూడడం సబబైన మొదటి అడుగు. ఒకేసారి 33 మిల్లీమీటర్లు దాటి దూకవలసిన అవసరం చాలా మందికి ఉండదు.

సమస్య: పై స్వరాలు అందడం లేదు, పెదవులు త్వరగా అలిసిపోతున్నాయి

ఇది సాధారణంగా పై సమస్యకు తలకిందులైనది. పెదవుల బలానికి మించి కప్పు వెడల్పుగానో లోతుగానో ఉంటుంది, లేదా రిమ్ము సన్నగా ఉండి కోస్తుంది. 24ఏడబ్ల్యూలోని డబ్ల్యూ అక్షరం వెడల్పాటి, మెత్తని రిమ్మును సూచిస్తుంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు అది హాయిగా ఉంటుంది. అయితే వెడల్పు రిమ్ము మీద పెదవి కదలిక తగ్గుతుంది, ఆ బేరం ముందే తెలిసి ఉండాలి.

సమస్య: ధ్వని మసకగా ఉంది, లేదా రేకులా మోగుతోంది

కప్పు ఆకారాన్ని చూడండి. గరాటులా లోతుగా సాగే కప్పు విశాలమైన, మెత్తని ధ్వనినిస్తుంది. అమెరికాలోని సూసా బ్యాండులో ట్యూబా వాయించిన ఆగస్ట్ హెల్‌బర్గ్ పేరు మీద వచ్చిన కాన్ కంపెనీ హెల్‌బర్గ్ మౌత్‌పీస్ ఈ జాతిదే. గిన్నెలా గుండ్రంగా ఉండే కప్పులో ప్రతి స్వరం మొదలు స్పష్టంగా వినిపిస్తుంది. గచ్చు నేల, ఎత్తైన పైకప్పు ఉన్న చర్చిలో హెల్‌బర్గ్ వాయిస్తే కీర్తన బేసు ముద్దముద్దగా కలిసిపోవడం నేను చాలాసార్లు విన్నాను. అదే వాద్యం ఊరేగింపులో వీధిన పడితే ఆ మసక మాయమవుతుంది. కాబట్టి ఎక్కడ వాయిస్తారన్నది తేల్చుకోకుండా ఆకారం ఎంచుకోవద్దు.

ఇన్నాళ్లూ బాగా మోగిన మౌత్‌పీస్ క్రమంగా మందగిస్తే ఆకారం తప్పు కాదు, మురికి తప్పు. ఫిల్టర్ కాఫీ తాగిన నోటితో రిహార్సల్‌కు కూర్చోవడం, బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేయడం, ఈ రెండూ కలిసి మౌత్‌పీస్ లోపలి సన్నని గొంతు దగ్గర తెల్లని పొర కడతాయి. గోరువెచ్చని నీరు, సబ్బు, మౌత్‌పీస్ బ్రష్షు చాలు.

సమస్య: మౌత్‌పీస్ ఇరుక్కుపోయింది

అరచేత్తో కొట్టి దింపినందువల్లనో, షాంకు మీద చిలుము పట్టినందువల్లనో ఇలా జరుగుతుంది. పటకారు వాడితే రిసీవరు మెలిపడుతుంది. పుల్లరు (ఇరుక్కున్న మౌత్‌పీస్‌ను లాగే పనిముట్టు) ఉన్న మరమ్మతు మనిషి దగ్గరికి తీసుకువెళ్లండి.

సమస్య: పెదవుల చుట్టూ దురద, ఎరుపు

వెండి పూత అరిగి ఇత్తడి బయటపడినప్పుడు, లేదా పూతలో నికెల్ ఉన్నప్పుడు కొందరికి ఇది పడదు. చెన్నై ఉప్పుగాలికి వెండి నల్లబడడం వేరు, పూత లేచిపోవడం వేరు. తుడిచాక రిమ్ము మీద పసుపు రంగు కనిపిస్తే పూత పోయినట్టు. కొత్త పూత వేయించేముందు, రిమ్మును, షాంకును బఫ్ చేయవద్దని (అరగదీసి మెరుగు పెట్టవద్దని) గట్టిగా చెప్పండి. దీపపు కుందులకు మెరుగు పెట్టే చేయి అలవాటుకొద్దీ లోపలి అంచును గుండ్రం చేసేస్తుంది, ఆ తరువాత అది మీ పాత మౌత్‌పీస్ కాదు. తాత్కాలికంగా ప్లాస్టిక్ మౌత్‌పీస్ వాడుకోవచ్చు.

సమస్య: రెండింటిలో ఏది మేలో తేలడం లేదు

మౌత్‌పీస్ మార్చిన మొదటి అరగంట ఏదైనా బాగానే అనిపిస్తుంది. ఒక్కొక్కదానికి కనీసం రెండు వారాలు ఇచ్చి, ఒకే కీర్తనను, ఒకే కింది స్వరాన్ని, ఒకే హాలులో వాయించండి. వాయించేవాడి చెవికి తేడా సరిగ్గా తెలియదు కాబట్టి, చివరి బెంచీలో ఒకరిని కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా వినిపించండి. మేము ఈ పనికి పాట రానివారినే కూర్చోబెడతాం. బేసు వాయించేవాళ్లు మౌత్‌పీస్ పేరు ఊహించి తీర్పు చెబుతారు.