కేయూలో చేరేలోపు ఎండాకాలం: రూమ్, ఉర్దూ, నాలుగు పుస్తకాలు

డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసేసి, సీపీగెట్ (పీజీ ఎంట్రన్స్) రాసి కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ హిస్టరీకి వద్దామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఈ ఎండాకాలం మూడు పనులు పెట్టుకోండి: హనుమకొండలో రూమ్ చూసుకోవడం, ఉర్దూ చదవడం నేర్చుకోవడం, కొంచెం చరిత్ర చదవడం. మూడింట్లో ముందు మొదలుపెట్టాల్సింది రూమ్ పని, అందరూ ఆఖరికి పెట్టుకునేదీ అదే. పాత బ్యాచ్ వాళ్లు సామాను సర్దుకుని ఊళ్లకు పోయాక టు-లెట్ బోర్డులు వరసగా కనపడతాయి. అడ్మిషన్లు మొదలయ్యాక వెళ్తే అదే రూముకు ఓనర్ ఇంకొంత కలిపి చెప్తాడు, బ్యాగులతో దిగిన మీరు మారుమాట్లాడకుండా సరే అంటారు. సీటు ఖాయం కాకుండా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి, ఏరియాలు తిరిగి రేట్లు కనుక్కుని ముగ్గురు నలుగురు ఓనర్ల నంబర్లు రాసిపెట్టుకుంటే చాలు.

తిరగాల్సింది కేయూ క్రాస్‌రోడ్, నయీంనగర్, గోపాలపూర్, భీమారం వైపు. సాయంత్రం చల్లబడ్డాక ఏ రూమైనా బాగానే ఉంటుంది, కాబట్టి నచ్చినదాన్ని ఇంకోసారి మధ్యాహ్నం మూడింటికి చూడండి. పై అంతస్తు అయితే తలుపులేసి పది నిమిషాలు లోపల కూర్చోండి, గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. స్లాబు కింద ఉండలేకపోతే మీకక్కడ చదువు సాగదు, రేకుల రూమ్ అయితే ఆ పది నిమిషాలు కూడా అక్కర్లేదు. మే నెలలో చూడటంలో ఇంకో లాభం ఉంది, బోరు సంగతి తేలిపోతుంది. నల్లా తిప్పి చూసి ఊరుకోకుండా, నీళ్లు రోజూ వస్తాయా, ట్యాంకర్ తెప్పిస్తే డబ్బులు ఎవరు కడతారు అని అడగండి.

గ్రౌండ్ ఫ్లోర్ చవకగా దొరికితే నాలా ఎంత దూరంలో ఉందో చూసుకోండి. 2020 ఆగస్టులో, 2023 జులైలో వానలకు ఈ ఊళ్లో చాలా కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, నయీంనగర్ నాలా పక్కన ఉన్నవాళ్లకైతే చెప్పనక్కర్లేదు. ఓనర్‌ను అడిగితే "మాకేం రాలే బిడ్డా" అంటాడు, అదే మాట గల్లీ చివర కిరాణా షాపులో అడగండి. కొత్తగా సున్నం వేసినా గోడకు మోకాలెత్తున ఒక గీతలాగా పెచ్చులు లేస్తుంటే అది నీటి మరకే.

కరెంటుకు సపరేట్ మీటర్ ఉందా, లేక ఓనర్ యూనిట్‌కి ఇంత అని తీసుకుంటాడా అన్నది ముందే తేల్చుకోండి. ఎంతమంది ఉంటారు, చికెన్ వండుతారా, అక్కడినుంచి తిరిగి తిరిగి "మీరెవలు" దాకా ప్రశ్నలు వస్తాయి. కులం అడిగే ఇంట్లో రెండేళ్లు ఉండటం కష్టమే, నేనైతే అక్కడే నమస్తే చెప్పి వచ్చేస్తా.

ఇక ఉర్దూ. హిస్టరీ వాళ్లకు ఎందుకంటే, 1948లో పోలీసు చర్య జరిగే నాటికి హైదరాబాద్ సంస్థానంలో పాలన నడిచింది ఉర్దూలో, తాతల నాటి భూమి కాగితాలు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఆ లిపిలోనే ఉన్నాయి. మాటలు సగం మనకు చెవిన పడ్డవే, కష్టమంతా లిపితోనే. పొద్దున ఎండ ఎక్కకముందు గంటసేపు కూర్చోండి, అక్షరాలను గుంపులుగా నేర్చుకోండి. బే, పే, తే, టే, సే అయిదూ చూడ్డానికి ఒకటే పడవ ఆకారం: బేకు కింద ఒక చుక్క, పేకు కింద మూడు, తేకు పైన రెండు, సేకు పైన మూడు, టేకు పైన చుక్కల బదులు తోయ్ అనే అక్షరం చిన్న గుర్తుగా. మాట మొదట్లోనో మధ్యలోనో వస్తే ఈ పడవ ఆకారం కాస్తా చిన్న పంటిగాటులా అయిపోతుంది, మిగిలేది చుక్కలే, అందుకని చుక్కలు చూసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి. అలిఫ్, దాల్, రే, వావ్ లాంటివి తర్వాతి అక్షరంతో కలవవు. హ్రస్వాలు మామూలుగా రాయరు, మాట తెలిస్తేనే చదవగలం, దీనికి టెన్షన్ పడి మానేసేవాళ్లే ఎక్కువ. ఉర్దూ సాహిత్యం పెట్టే రేఖ్తా వాళ్ల ఆమోజిష్ సైటులో పాఠాలున్నాయి, లిపి పట్టుబడ్డాక సియాసత్ పేపర్ హెడ్డింగులు చదవండి, మండిబజార్ వైపు వెళ్లినప్పుడు దుకాణాల బోర్డులు చదవండి.

పుస్తకాలకు పెద్ద ప్లాన్ వద్దు. మధ్యాహ్నాలు లైబ్రరీలో గడపండి, కాకపోతే గ్రూప్స్, డీఎస్సీ వాళ్లు పొద్దున్నే సీట్లు పట్టేస్తారు, తొందరగా వెళ్లాలి. హనుమకొండలోనే 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది, తెలంగాణ గ్రంథాలయోద్యమం గురించి చదివేటప్పుడు ఎలాగూ ఆ పేరు వస్తుంది, ఒకసారి వెళ్లి చూడండి. కాకతీయుల మీద ఏదో ఒక్క మంచి పుస్తకం పూర్తిగా చదివి, వేయిస్తంభాల గుడికి పొద్దున్నే పోయి రుద్రదేవుడి 1163 నాటి శాసనం ముందు నిలబడండి, కాకతీయులు స్వతంత్రులయ్యారని చెప్పడానికి చరిత్రకారులు చూపించేది దాన్నే. నోట్స్ మాత్రం సొంత మాటల్లో రాసుకోండి.

సీటు వచ్చాక రూమ్ ఖాయం చేసేటప్పుడు అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకు రాస్తారు. అడ్వాన్స్ ఎంత ఇచ్చారో, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఎంత పట్టుకుంటారో అందులో రాయించండి. తాళం చేతికిచ్చిన రోజే మీటర్ రీడింగ్, గోడలు, బాత్రూమ్ తలుపు అన్నీ ఫోటోలు తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి.