షెర్రీ పీపా రుచిని పట్టుకోవడం ఎలా

షెర్రీ ఫినిష్ విస్కీ, అంటే చివర్లో కొన్నాళ్లు షెర్రీ అనే స్పానిష్ వైన్ పీపాల్లో ఉంచిన విస్కీ గురించి ఎవరడిగినా నేను బాల్వెనీ డబుల్‌వుడ్ 12తోనే మొదలుపెట్టమంటాను. అందులో రెండు పీపాల పనీ విడివిడిగా తెలుస్తుంది. స్కాట్లాండ్‌లోని డఫ్‌టౌన్‌లో తయారయ్యే ఈ విస్కీ అమెరికన్ ఓక్ పీపాల్లో పన్నెండేళ్లు ముదిరాక, ఒలొరోసో అనే రకం షెర్రీ పీపాల్లో ఇంకో తొమ్మిది నెలలు ఉంటుంది. పన్నెండేళ్ల ముందు తొమ్మిది నెలలెంత అనిపిస్తుంది కదా? ఆ తొమ్మిది నెలలు ఏం చేశాయో కనిపెట్టడమే ఇక్కడ మన పని.

రంగు చూసి మాత్రం తేల్చేయకండి. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి ముదురు రంగంతా షెర్రీదే అనుకోలేం.

పొట్ట వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉండే గ్లాసు తీసుకోండి. 25 మిల్లీలీటర్లు చాలు. ఐస్ వద్దు, చల్లదనానికి వాసన అణిగిపోతుంది. సోడా అసలే వద్దు. మిరపకాయ బజ్జీలు, చికెన్ 65 తర్వాత తినండి. నాలుక మీద కారం ఉంటే పండ్ల తీపి అందదు. గదిలో అగరుబత్తి కూడా వెలిగించకండి.

పోశాక పది నిమిషాలు ఆగండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతే వస్తుంది. ముక్కు గ్లాసులో దూర్చేయకుండా, నోరు కొద్దిగా తెరిచి, గ్లాసును గడ్డం దగ్గర్నుంచి మెల్లగా పైకి తీసుకురండి. ముందు తేనె, వెనిలా తగులుతాయి. అవి మొదటి పీపావి. తొందరపడకండి. గ్లాసు దించి, మళ్లీ ఎత్తండి. ఈసారి ఎండుద్రాక్ష, అక్రోటు, దాల్చినచెక్క పైకొస్తాయి. ఒలొరోసో గాలి తగులుతూ ముదిరే వైన్, ఆ అక్రోటు వాసన అక్కడిదే. నాకైతే సంక్రాంతికి అరిసెల పాకం ఉడుకుతున్న వాసన కూడా వస్తుంది. మీకు ఇంకోటి తోచవచ్చు, దాన్నే నమ్మండి.

కొన్ని షెర్రీ పీపా విస్కీల్లో కాలిన అగ్గిపుల్ల వాసన వస్తుంది. పీపా పాడవకుండా లోపల గంధకం పొగ పెట్టే అలవాటు వల్ల వచ్చేది అది. కొందరికి అదే ఇష్టం, నాకు పడదు.

మొదటి గుక్క నోటికి అలవాటు కావడానికే. రెండోది చిన్నగా తీసుకుని నాలుకంతా తాకేలా తిప్పి, మింగాక ఊరుకోండి. చివరికి నోట్లో మిగిలేది తీపా, మసాలా ఘాటా, చెక్క వగరా? అది గమనించాక చెంచాతో రెండు మూడు చుక్కల మామూలు నీళ్లు వేసి మళ్లీ వాసన చూడండి. ఇది 40 శాతం విస్కీ, అంతకు మించి పోస్తే పలచబడిపోతుంది.

వీలైతే పక్కనే గ్లెన్‌డ్రోనాక్ 12 అనే ఇంకో స్కాచ్ పెట్టుకోండి. అది షెర్రీ పీపాల్లోనే పెరిగింది, అందుకే ఎండుపండ్ల రుచి మొదటి గుక్క నుంచే ఉంటుంది. బాల్వెనీలో అది తేనె వెనకాల వస్తుంది.

మిగిలిన సీసాను నిలబెట్టే ఉంచండి. వైన్‌లా పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది.