నీలం నుంచి పసుపుకి గ్రేడియంట్ వేస్తే మధ్యలో బూడిద రంగెందుకొస్తుంది?

వెబ్ పేజీ వెనక గ్రేడియంట్ (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారిపోవడం) వేయడం నిజానికి ఒక్క లైను పని. సీఎస్ఎస్‌లో (పేజీ ఎలా కనపడాలో చెప్పే భాష) బాడీకి, అంటే పేజీలో కనపడే భాగానికి, ఇలా రాస్తే చాలు (టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ పలికే తీరులో రాస్తున్నా):

బ్యాక్‌గ్రౌండ్: లీనియర్-గ్రేడియంట్(బ్లూ, యెల్లో);

దిక్కు చెప్పకపోతే రంగు పైనుంచి కిందికి దిగుతుంది. పక్కకి పోవాలంటే బ్రాకెట్లో ముందు 'టు రైట్' అని రాసి కామా పెట్టండి, లేదా డిగ్రీలివ్వండి. 0 అంటే పైకి, 90 అంటే కుడికి, గడియారం ముల్లు తిరిగినట్టే.

చాలామంది దీన్ని బ్యాక్‌గ్రౌండ్-కలర్‌లో రాసి, ఏమీ రావట్లేదని తల పట్టుకుంటారు. గ్రేడియంట్ చూడ్డానికి రంగే గానీ బ్రౌజర్ దాన్ని బొమ్మ కిందే లెక్కేస్తుంది. బొమ్మ కాబట్టి జాగా మిగిలితే మళ్లీ మళ్లీ అతికించుకుంటూ పోతుంది కూడా. మా చెల్లి పెళ్లి పిలుపు కోసం నేను చేసిన పేజీలో ఉన్నది నాలుగు లైన్లే, దాంతో అంతే ఎత్తు గ్రేడియంట్ కింది దాకా రిపీటై పేజీ మొత్తం చారల దుప్పటిలా తయారైంది. బాడీకి పైనుండే హెచ్‌టీఎమ్ఎల్‌కి మిన్-హైట్ (కనీస ఎత్తు): 100% ఇచ్చాక కుదురుకుంది. పేజీ పొడుగైనా రంగు కదలకుండా ఉండాలంటే బ్యాక్‌గ్రౌండ్-అటాచ్‌మెంట్: ఫిక్స్‌డ్ ఉంది, కాకపోతే ఐఫోన్లో దాన్ని నమ్ముకోకండి.

ఇక బూడిద రంగు సంగతి. చిన్నప్పుడు వాటర్ కలర్స్‌లో నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ వచ్చేది కదా, స్క్రీన్ మీద అలా కాదు. నీలం అంటే ఎరుపు 0, ఆకుపచ్చ 0, నీలం 255. పసుపు అంటే 255, 255, 0. బ్రౌజర్ ఈ అంకెల్ని మామూలుగా సరాసరి చేసుకుంటూ పోతుంది, సరిగ్గా మధ్యకొచ్చేసరికి మూడూ దాదాపు 128 అవుతాయి, మూడూ సమానమైతే వచ్చేది బూడిద రంగే. రంగుల చక్రంలో ఇలా ఎదురెదురుగా ఉండే రంగులు ఏవి తీసుకున్నా ఇదే గొడవ.

దీనికి పాత చిట్కా, మధ్యలో మీకు నచ్చిన మూడో రంగు పెట్టడం: బ్లూ, టీల్, యెల్లో. కొత్త దారి, బ్రాకెట్లో అన్నిటికంటే ముందు 'ఇన్ ఓకేఎల్‌సీహెచ్' అని రాసి కామా పెట్టడం (ఓ, కే, ఎల్, సీ, హెచ్, అయిదక్షరాలూ కలిపి; రంగుని వెలుగు, గాఢత, చక్రంలో చోటు లెక్కన చెప్పే పద్ధతి). అప్పుడు బ్రౌజర్ రంగుల చక్రం అంచు వెంబడి నడుస్తుంది, నీలం నుంచి పసుపుకి దగ్గరి దారి ఆకుపచ్చ మీదుగానే కాబట్టి చిన్నప్పటి ఆ రంగు దానంతటదే వచ్చేస్తుంది! నాకైతే ఇదే ఇష్టం. పాత బ్రౌజర్లకి అర్థం కాదు, అందుకే మామూలు లైను పైన, ఈ కొత్త లైను దాని కింద రాయండి, తెలియనివి దాన్ని వదిలేసి పై లైనుతో సరిపెట్టుకుంటాయి.

పేజీలో అక్షరాలు తెల్లవైతే మాత్రం పసుపు చివర అవి అస్సలు కనపడవు. పసుపు తగ్గించి ముదురు నారింజకి మార్చండి, లేదంటే రాత ఉన్న చోట వెనక ముదురు రంగు డబ్బా ఒకటి పెట్టండి.